దాసోహము వెట్టి కారాదు

శరణుల జీవితమునందు కాయకము, దాసోహము అనునవి వేరువేరు దినములలో చేయు రెండు పనులు కావు. సత్యమార్గమున చేసిన కష్టము కాయకము. ఆ కష్టఫలమును తనదేయని బిగబట్టక గురులింగజంగములకు, సమాజమునకు వినయముతో సమర్పించుట దాసోహము. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో చేసిన ఆడంబరమగును. దాసోహము లేని కాయకము కేవలము పొట్టకూటి పనిగా నిలిచిపోవును. ఈ తత్త్వము వీరశైవ కుటుంబములలో పిల్లవాండ్రకును తెలిసినదే. కాని తెలిసిన దానిని ఆచరించుటకు కాలము కావలెను. ఆ కాలమే నేడు చేతిలో లేదు.

పూర్వము ఈ కుటుంబములలో పెక్కుమంది వర్తకమో, సేద్యమో, చేతిపనియో చేసికొనుచు తమ కాలమునకు తామే యజమానులై యుండిరి. మఠమున ఉత్సవము వచ్చినచో అంగడి తలుపు మూసి పోయి వంటశాలలో నిలిచెడివారు. నేడు ఇంటింట ఉద్యోగులున్నారు. ఉదయము వెళ్ళి చీకటిపడిన పిమ్మట వచ్చువారు కొందరు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించువారు కొందరు. వారి కాలముపై అధికారము వేరొకరిది. అట్టివారు దాసోహము చేయుట యెట్లు? జీతము లేక, శిక్ష లేక, కేవలము ఇచ్చతో వచ్చిన ఆ సేవకులను సంస్థల పెద్దలు నడపుట యెట్లు? మఠములు, అన్నదాన సంఘములు, విద్యార్థి వసతిగృహములు, లాభాపేక్ష లేని సకల సంస్థలు రాబోవు తరమున నిలుచుటయు, నిలువకపోవుటయు ఈ రెండు ప్రశ్నలపైననే ఆధారపడియున్నవి.

2024వ సంవత్సరమున ఈ ప్రశ్నలు కృష్ణాతీరమున నీటిరూపమున ఎదురైనవి. భవానీపురము విజయవాడకు పడమట, ఇంద్రకీలాద్రికి ఆవల, నది యొడ్డున నున్న పేట. ఎదురుగా కృష్ణలో భవానీ ద్వీపము. ఒడ్డున భవానీ ఘాట్, పున్నమి ఘాట్. ఆ యేడు ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వర్షమునకు బుడమేరు పొంగి, గట్టునకు మూడు గండ్లు పడినవి. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ యేటిని బెజవాడ దుఃఖదాయిని యనుట పాత మాట. దాని వరదలో కొంత భాగమును కృష్ణలోనికి మళ్ళించు కాలువ యున్నది. కాని కృష్ణయే నిండుగా పారునప్పుడు ఆ నీరు నదిలోనికి దిగలేదు. ఆ దినములలో ప్రకాశము బ్యారేజివద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. 1957లో బ్యారేజి నిర్మాణము ముగిసిన తరువాత అంతటి వరద ఎన్నడును రాలేదు. ఒకవైపు నది, మరియొకవైపు ఏరు. భవానీపురము పరిసరములు మొదలు సింగ్‌నగర్, పాయకాపురము వరకు వేలకొలది యిండ్లు నీటిలో నిలిచినవి.

అప్పుడు వచ్చినవారు అనేకులు. మత్స్యకారులు తమ పడవలతో వచ్చిరి. సైనికులు, విపత్తు దళములవారు వచ్చిరి. ఇతర పట్టణముల పారిశుద్ధ్య కార్మికులు వచ్చి వీధులలోని బురదను ఎత్తిరి. నీరు తీసిన పిమ్మట అగ్నిమాపక శకటములు ఇండ్లముందు నిలిచి గదులలోని బురదను కడిగినవి. ఉద్యోగ సంఘములు ఒక దినపు వేతనమును సమర్పించుటకు నిశ్చయించినవి. ఎక్కడెక్కడి వంటశాలలలోనో అన్నము వండి పొట్లములు కట్టిరి. పడవలు పోలేని చోట్లకు డ్రోనులతో చేరవేసిరి. దయకు లోటు లేదు. అయినను పొట్లములు ముందుగా పెద్ద రోడ్డున నిలిచిన చేతులకు అందినవి. లోపలి వీధులలో మేడలమీద చిక్కుకొన్న వృద్ధులకు, బాలింతలకు ఆలస్యముగా చేరినవి. దోషము ఎవరిదని వెదకుట ఇచ్చట ఉద్దేశము కాదు. దయ తనంత తాను వచ్చును. క్రమము తనంత తాను రాదు. క్రమము కలిగించుటకే నాయకుడు కావలెను.

కృష్ణాజిల్లా ప్రజలకు ఇట్టి పాఠము క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. నాడు ధార్మిక సంస్థలును, దైవము లేదను విజయవాడ నాస్తిక కేంద్రమువారును ఆ పీడిత ప్రాంతముననే సేవ చేసిరి. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టు చేతిని నీ మతమేదని అడుగలేదు. మొదటి వారమున వచ్చి పోవువారు ఎప్పుడును ఎక్కువగానే యుందురు. నెలలు గడచిన పిమ్మట గోడ కట్టుటకు, బావి బాగుచేయుటకు, బిడ్డను బడికి పంపుటకు నిలిచియుండువారు కొద్దిమంది. సేవాసంస్థకు ప్రాణము ఆ కొద్దిమందియే. ఉత్సాహముతో ఒకనాడు వచ్చిన యువకుడు రెండవనాడు ఎందుకు రాలేదని విచారించని సంస్థ క్రమముగా క్షీణించును. అట్టి సంస్థలో చివరకు అధ్యక్షుడు, కార్యదర్శి, వారి పేర్లున్న ఫలకము మిగులును.

వరదలో పడవ నడపినవానిని చూచినప్పుడు అంబిగర చౌడయ్య జ్ఞాపకమునకు రావలెను. ఆయన పడవ నడుపువాడు. కల్యాణ శరణులలో నిర్భయముగా మాటలాడినవాడు. శరణులెవ్వరును ఆయనను పడవ విడిచి వచ్చినగాని శరణుడవు కావని అనలేదు. ఆయన కాయకమే ఆయన సాధన. సేవకులను నడపువానికి ఇది మొదటి పాఠము. వచ్చినవాని చేతికి దొరికిన పనిని అంటగట్టుట కాక, నీకు తెలిసిన పని యేది, నీవు ఇవ్వగల సమయమెంత అని ముందుగా అడుగవలెను. బ్యాంకు ఉద్యోగిచే బియ్యపు బస్తాలు మోయించి, లెక్కల పుస్తకమును వ్రాయువాడు లేక వదలివేయుట తెలివి కాదు. నర్సును వేదికపై పూలమాల పట్టుకొని నిలుచుండబెట్టి, జ్వరముతో ఉన్నవారిని వరుసలో నిలుపుట సేవ కాదు. విద్యుత్ కార్మికునికి తీగ తెలియును. ఉపాధ్యాయురాలికి పిల్లల మనస్సు తెలియును. లారీ నడుపువానికి నీరెక్కని దారి తెలియును. ఎవరి కాయకము వారి చేతనే దాసోహమైనప్పుడు సేవకునికి తృప్తి కలుగును, పని యును చక్కబడును.

ఉద్యోగి దాసోహము చేయుట యెట్లు అను ప్రశ్నకు బసవేశ్వరుని జీవితమే సమాధానము. ఆయన అడవిలో కూర్చున్న సన్న్యాసి కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని కొలువులో కోశాగారమును చూచిన ఉద్యోగి. అందుచేతనే లోకము ఆయనను బండారి బసవన్న యని పిలిచినది. పగలు రాజు లెక్కలు, ఇంట జంగమ దాసోహము. రాజధనమును జంగములకు దోచి పెట్టుచున్నాడని అసూయాపరులు ఫిర్యాదు చేసిరి. బిజ్జలుడు కోశమును లెక్కింపజేయగా సొమ్ము సరిపోయెనని పురాణకథ. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ గాథలను ద్విపదలో తెలుగువారికి అందించెను. దీనిని మహిమగా మాత్రమే విని చేతులు జోడించుట చాలదు. ఫిర్యాదు వచ్చినప్పుడు బసవన్న కోపించి తలుపు మూయలేదు. కోశమును తెరచి చూపెను. సేవ చేయువాడు లెక్క చూపుటను అవమానముగా భావింపరాదు. కార్యాలయపు వాహనమును, కాగితమును, పనివేళను అనుమతి లేక సేవకు వాడినవాడు పుణ్యము పేరిట అపహరణము చేసినవాడగును. యజమానికి ఇవ్వవలసిన పనిని యజమానికిచ్చి, తనదైన కాలమునుండి తీసి ఇచ్చినదే దాసోహము.

నేటి చట్టమునను ఈ వివేకము కొంత కానవచ్చును. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు తమ సగటు నికర లాభములో కనీసము 2 శాతమును సామాజిక బాధ్యతకై వ్యయము చేయవలెనని అది విధించినది. దాని వివరణలలో ఉద్యోగులను సేవకు ప్రోత్సహింపవలసినదని చెప్పుచునే, వారు ఉచితముగా చేసిన సేవను రూపాయలలోనికి మార్చి ఆ వ్యయములో చూపరాదని ప్రభుత్వము పేర్కొన్నది. అనగా ఉద్యోగి చెమట కంపెనీ ఖాతాలో జమపడు సొమ్ము కాదు. అది ఇచ్చినవానిది, పుచ్చుకొన్నవానిది. శరణుల దృష్టిలో అది లింగార్పితము.

ఇచ్చట ఒక సూక్ష్మమైన ప్రమాదము కలదు. కార్యాలయమున పై అధికారి సేవాకార్యక్రమము తలపెట్టును. పేర్లు వ్రాయుడని కాగితము బల్ల బల్లకు తిరుగును. సంతకము చేయనివాని వైపు నలుగురును తలయెత్తి చూతురు. ఆదివారమున తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవలసినవాడును, ఇంట చంటిబిడ్డ గల ఉద్యోగినియు కాదనలేక పేరు వ్రాయుదురు. అది స్వచ్ఛంద సేవయా? గ్రామములలో పెద్దలు కూలి యివ్వక చేయించుకొన్న పనిని తెలుగువారు వెట్టి యనిరి. కాదనుటకు వీలులేని సేవ, తెల్లచొక్కా తొడిగినను, వెట్టియే. మఠములందును ఈ దోషము లేకపోలేదు. స్వామివారి పేరు చెప్పి, కులపెద్ద మాట చెప్పి, యువకులచే దినమంతయు పనిచేయించి, మరునాడు వారి పేరైనను తలవనిచోట దాసోహము వెట్టిగా దిగజారినది. ఇచ్చువాని మనస్సులో ఇచ్చ లేనప్పుడు ఆ పని లింగమునకు చేరదు.

కావున ఇచ్చను కాపాడుట నాయకుని ధర్మము. కాగితమును తిప్పక బల్లపై నుంచవలెను. ఇష్టమైనవాడు వచ్చి వ్రాయును. వ్రాయనివానికి జీతములో గాని, పదోన్నతిలో గాని, పలుకరింపులో గాని లోటు జరుగరాదు. వాలంటీరు అను మాట ఆంధ్రదేశమున 2019 నుండి కొన్ని యేండ్లు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనము పొందు ప్రభుత్వ సేవకులకు పేరై నిలిచినది. అది వేరు విధానము. పుచ్చుకొనుట దోషము కాదు. పుచ్చుకొనువాడు, ఊరక ఇచ్చువాడు ఒకే పందిరిక్రింద పనిచేయునప్పుడు ఎవరెవరని ముందే స్పష్టముగా చెప్పకుండుట దోషము. మాట దాచినచోట అనుమానము మొలచును. అనుమానము మొలచినచోట సేవకుడు నిలువడు.

నాయకత్వమునకు శరణులు చూపిన మహోదాహరణము అనుభవమంటపము. దానికి మూలపురుషుడు బసవేశ్వరుడు. అధికారము, కీర్తి, పరిజనము అన్నియు ఆయనకు కలవు. అయినను శూన్యసింహాసనముపై ఆయన కూర్చుండలేదు, అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. తాను కట్టిన మంటపమున తాను క్రింద కూర్చుండి వినెను. అక్కడ పడవవాడు, చాకలి, తాడు పేనువాడు, స్త్రీలు అందరును మాటలాడిరి. అక్క మహాదేవిని అల్లమప్రభువు కఠినముగా పరీక్షించెను. ఆమె సమాధానమును సభ విని శిరసు వంచెను. ఇరువది యేండ్లుగా ఒకే కుర్చీని విడువని అధ్యక్షుడు ఈ కథను ప్రతి బసవజయంతికిని చెప్పుచు, దాని అర్థమును మాత్రము తనకు అన్వయించుకొనడు. జీతమిచ్చు యజమాని మాట వినకున్నను ఉద్యోగి మరునాడు వచ్చును. సేవకుడు అట్లు రాడు. తన మాటకు విలువ లేదని తోచిననాడు మౌనముగా ఇంట నిలిచిపోవును. అందుచే జీతము లేనిచోట వినుటయే వేతనము.

సేవకుని శక్తికిని మితి కలదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి దాసోహము చేసెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ గింజలు తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము ఆశవలన వచ్చినదని మందలించి, తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. దాసోహమునకే తెచ్చినను అవసరమునకు మించినది ఆమెకు పనికిరాలేదు. వరద సమయమున ఒక వీధిలో పాత బట్టలు కుప్పలుగా పడియుండగా, వేరొక వీధిలో పసిబిడ్డకు పాలు లేకుండుట ఏ విపత్తునందైనను సంభవింపగల విషయమే. ఇచ్చువారు తమకు తోచినది ఇత్తురు. పుచ్చుకొనువారికి ఏమి కావలెనో తెలిసికొని చెప్పుటయే నాయకుని పని. అట్లే ఉత్సాహవంతుడగు ఉద్యోగి పదిగంటల విధి ముగించుకొని, మరి ఆరుగంటలు సేవలో నిలిచి, ఇంట ఆలుబిడ్డలను మరచినచో, ఇక చాలు ఇంటికి పొమ్మని చెప్పగల లక్కమ్మ ఒకరు ప్రతి సంస్థలోను ఉండవలెను.

నులియ చందయ్య కథ పెద్దలు మరచిపోరానిది. ఆయన తాడు పేని అమ్మి దాసోహము చేసెడివాడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను ఆయన పని మానలేదు. ఆ లింగమును తిరిగి స్వీకరించుటకు లింగమే కాయకము చేయవలెనని పట్టుపట్టెను. మడివాళ మాచిదేవుడు మధ్యస్థుడుగా నుండి సమాధానము చేసెననియు, లింగదేవుడే తాడు అమ్ముటకు వెళ్ళెననియు గాథ. దేవుడైనను కాయకమునుండి మినహాయింపు పొందలేదని శరణులు భావించిరి. అట్టిచో సంఘపు కార్యదర్శి, మఠపు పెద్ద, కంపెనీ అధికారి ఎట్లు మినహాయింపు పొందుదురు? వడ్డించిన పిమ్మట విస్తళ్ళు ఎత్తు పనిలో పెద్దల చేయి కూడ పడవలెను. ఫోటో తీయు సమయమున మాత్రమే చీపురు పట్టినచో చూచువారు నవ్వుదురు, చేయువారు బాధపడుదురు.

ఇట్లు నడపినచో సంస్థ వ్యక్తిని మించి నిలుచును. తుమకూరు సిద్ధగంగ మఠమున శ్రీ శివకుమార మహాస్వామివారు, 1907లో జన్మించి 2019 జనవరి 21న లింగైక్యులగువరకు, అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహముగా నడపిరి. కులమత భేదము లేక వేలకొలది పిల్లలు అచ్చట చదివిరి. వారి అనంతరమును ఆ పంక్తిలో విస్తరి పడుచునే యున్నది.

భవానీపురమునకు మరియొక పరీక్ష రానున్నది. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరములు తిరిగి 2028లో రావలసియున్నవి. ఆ పండ్రెండు దినములు భవానీ ఘాట్, పున్నమి ఘాట్ యాత్రికులతో నిండును. తప్పిపోయిన బిడ్డను తల్లికి చేర్చుటకు, వృద్ధులను మెట్లు దింపుటకు, త్రాగునీరు పోయుటకు, చెత్త ఎత్తుటకు చేతులు కావలెను. ఆ చేతులను అప్పటికప్పుడు పిలిచిన దొరకవు. ఈనాడే సంఘములు, మఠములు, కార్యాలయముల ఉద్యోగులు కలిసి కొన్ని ఏర్పాట్లు చేసికొనవచ్చును. ఎవరికి ఏ పని వచ్చునో, ఏ వేళ వీలగునో ఒక పుస్తకమున వ్రాయవలెను. ప్రతి వీధికి ఒకరు బాధ్యులుగా నుండి, నడువలేనివారు, ఒంటరివారు ఏ యింట నున్నారో తెలిసికొనవలెను. పుష్కరములకు ముందే వరద వచ్చినను ఆ యెరుక పనికివచ్చును. ఆడవారిని వంటశాలకే పరిమితము చేయక నిర్ణయములందు కూర్చుండబెట్టవలెను. వచ్చిన రూపాయిని, వెళ్ళిన రూపాయిని గోడమీద అతికించవలెను. పదవికి గడువు పెట్టి, గడువు తీరినవాడు సామాన్య సేవకుడుగా తిరిగి పంక్తిలో నిలువవలెను.

ఇవి పెద్ద సిద్ధాంతములు కావు. బండారి బసవన్న లెక్క, అల్లమప్రభువునకు వదలిన ఆసనము, లక్కమ్మ మితము, చందయ్య పట్టుదల అను నాలుగు గాథలను ఆచరణలో పెట్టుటయే. దాసోహము అనగా నేను దాసుడనని భావించుట. సేవ చేయువాడు మాత్రమే ఆ మాట అని, చేయించువాడు అనకున్నచో అది వెట్టి. చేయించువాడు ముందుగా దాసుడైనచో, జీతము లేని చేతులు మరునాడును వచ్చును. లోపలి వీధిలో మేడమీద వేచియున్న వృద్ధురాలికి అన్నము వేళకు అందును. ఆమె ఆకలి తీరిన చోటనే లింగపూజ పూర్తియగును.